1918 జ్వరంలో పోయిన పెద్దల ఆనవాళ్లు: దేవరకొండ వైపు ఏ కాగితాలు చూడాలి?

డిండి ఒడ్డు అడిగినది:

మా ముత్తాత, ఆయన ఇద్దరు తమ్ముళ్లు, నడిపి తమ్ముడి భార్య నెల తిరగకముందే పోయారని ఇంట్లో చెప్తారు. "గత్తరొచ్చి పోయిండ్రు" అన్న మాటే తప్ప ఏ సంవత్సరమో తెలీదు. ఊరు పాత దేవరకొండ తాలూకాలోది. ఖాల్సా గ్రామం, అంటే నేరుగా సర్కారు కింద ఉన్నది, జాగీరు కాదు. మిగిలింది నాలుగైదేళ్ల పిల్లగాడు, అంటే మా తాత. కల్వకుర్తి వైపు మేనమామ దగ్గర పెరిగాడు. తాత తల్లి ఏమైందో ఎవరూ తేల్చి చెప్పరు. 1954-55 ఖాస్రా పహాణీలో (ఊరి భూముల రిజిస్టరులో) రెండు సర్వే నంబర్లకు తాత పేరు పట్టాదారుగా ఉంది, నకలు చేతిలో ఉంది.

ఇది 1918 ఇన్‌ఫ్లుయెంజానా, ప్లేగా, కలరానా అన్నది ఎలా తేల్చుకోవాలి? పోయినవాళ్ల పేర్లు రాతలో ఎక్కడ దొరుకుతాయి? అప్పటి చావు పుట్టుకల రిజిస్టరు పంచాయతీలో లేదు, తహసీల్దారు ఆఫీసులో లేదన్నారు. ఇంకా దాని కోసం తిరగాలా?

---

పాతదఫ్తరం జవాబు:

రిజిస్టరు వదిలేయండి. నిజాం ఇలాకాలో ఊరి చావులు పటేల్, పట్వారీల చేతుల మీదుగా పైకి వెళ్లేవి. పైకి వెళ్లేసరికి పేర్లు రాలిపోయి అంకెలు మిగిలేవి, ఆ అంకెలు కూడా అరకొరే. నిజాం రాష్ట్ర జనాభా 1911లో 1,33,74,676. 1921లో 1,24,71,770. పెరగాల్సింది పోయి తొమ్మిది లక్షలు తగ్గింది. ఇందులో ప్లేగు, కరువు కూడా కలిసే ఉన్నాయి. ఆ సెన్సస్ రిపోర్టు, ఏటా వచ్చిన నిజాం సర్కారు పరిపాలన రిపోర్టులు చదవండి, జిల్లా పరిస్థితి తెలుస్తుంది. మీ ముత్తాత పేరు మాత్రం వాటిలో ఉండదు.

ముందు రోగం ఏదో తేల్చుకోండి. గత్తర అన్నారని కలరాయే అనుకోవద్దు, ఊరంతా పడిపోయిన ఏ రోగానికైనా ఆ మాటే వాడతారు. పెద్దవాళ్లను పేరు అడక్కండి, లక్షణం అడగండి. పొద్దున పట్టుకుని సాయంత్రానికి తీసుకుపోయిందంటే, వాంతులు విరేచనాలంటే కలరా. అది ఎక్కువగా ఎండాకాలం చివర్లో, వానల మొదట్లో. ఇంట్లో ఎలుకలు రాలాయి, చంకల్లో గజ్జల్లో బిళ్లలు కట్టాయి, ఊరు ఖాళీ చేసి చెలకల్లో గుడిసెలు వేసుకున్నారు అంటే ప్లేగు. అమ్మవారు పోసింది అంటే మశూచి, పోయినవాళ్లలో పిల్లలే ఎక్కువ ఉంటారు. జ్వరం, దగ్గు, ముక్కు వెంట రక్తం, మొహం నల్లబడటం, మూడో రోజు నుంచి పదో రోజు లోపు ఊపిరి ఆడక పోవడం, పోయినవాళ్లంతా ఇరవై నుంచి నలభై మధ్య గట్టి మనుషులు కావడం, ఇవి కలిస్తే ఇన్‌ఫ్లుయెంజా. ముసలివాళ్లను, నడిచే పిల్లలను వదిలి మధ్య తరాన్ని కొట్టిన రోగం అదొక్కటే. మన దేశంలో ఆ జ్వరానికి మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ పోయారు. మీరు చెప్పిన నలుగురూ ఆ వయసువాళ్లే అయి ఉండాలి, పిల్లగాడు బతికాడు. బొమ్మ సరిపోతోంది. కానీ ఇది రుజువు కాదు, ప్లేగు కూడా అదే కాలంలో తిరుగుతోంది.

కాలం సంగతి. జ్వరం 1918 జూన్‌లో బొంబాయిలో దిగింది. మొదటి విడత మెత్తనిది. చంపింది రెండోది, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. ఆ ఏడు వానలు దేశమంతా దెబ్బతిన్నాయి, కాబట్టి ఇంట్లో "కరువు, జ్వరం ఒక్కసారే వచ్చినయి" అన్న మాట వినిపిస్తే అది బలమైన గుర్తు. "ధాత కరువు" అంటే మాత్రం ఆగండి. ధాత సంవత్సరం 1876-77, అది రెండు తరాల వెనక.

తెలుగు లెక్కలో 1918-19 కాళయుక్తి. భాద్రపద బహుళం సెప్టెంబర్ 21 ప్రాంతంలో మొదలైంది, పెత్రమాస (భాద్రపద అమావాస్య) అక్టోబర్ 4 ప్రాంతం, దీపావళి నవంబర్ 3 ప్రాంతం. అంటే గట్టి విడత బతుకమ్మ ముందు మొదలై కార్తీకం దాకా నడిచింది. "ఆ యేడు బతుకమ్మ ఆడలే" అన్న మాట ఎవరి నోటనైనా వస్తే వెంటనే రాసి పెట్టుకోండి.

వయసులు పట్టుకోవడానికి ఊరికే "ఎన్నేళ్లప్పుడు" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మూసీ వరద 1908 సెప్టెంబర్, మహబూబ్ అలీ పాషా పోయింది 1911 ఆగస్టు, పోలీసు చర్య 1948 సెప్టెంబర్. వీటికి ముందా వెనకా అని అడగండి. మీ తాత నాలుగైదేళ్లప్పుడు 1918 అయితే పుట్టింది 1913-14. పోలీసు చర్య నాటికి ముప్పై నాలుగు, ముప్పై ఐదేళ్లు. అప్పటికి ఎందరు పిల్లలు, పెద్దబిడ్డ పెళ్లయిందా అన్నది సరిచూడండి. పదేళ్లు తేడా వస్తే మీ కథ 1918 కాదు.

---

నక్షా టిప్పన్ జవాబు:

పై జవాబుకి కొనసాగింపు. చావు ఎవరూ రాయలేదు, కానీ చావు వల్ల భూమి చేతులు మారింది, అది రాశారు. సర్కారుకు కావాల్సింది శిస్తు ఎవరు కడతారన్నదే.

మీ దగ్గరున్న ఖాస్రా నుంచి వెనక్కి నడవండి. ఆ రెండు సర్వే నంబర్లకు సేత్వార్ నకలు తీయించండి. అది సెటిల్‌మెంటు నాటి మూల రిజిస్టరు. అందులో మొదటి పట్టాదారు పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం, శిస్తు ఉంటాయి. జిల్లా సర్వే, భూ రికార్డుల ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో అడగాలి. సేత్వార్‌లో ముత్తాత పేరు, ఖాస్రాలో తాత పేరు ఉంటే మధ్యలో విరాసత్, అంటే వారసుడి పేరున పట్టా మార్పు, జరిగిందన్నమాట. ఆ మార్పు ఫైసల్ పట్టీలో ఎక్కుతుంది. ఏ ఏడు ఏ ఖాతా పెరిగింది, తగ్గింది, ఎవరి పేరు పోయి ఎవరిది వచ్చింది, ఎందుకు అన్నది ఏడాదివారీగా ఉండే రిజిస్టరు అది. కారణం దగ్గర "ఫౌతీ" అని ఉంటే పట్టాదారు చనిపోయాడు. "రాజీనామా" అంటే బతికుండి వదిలేశాడు. మీ తాత పేరు పక్కన "నాబాలిగ్" అని, "వలీ" అని మరో పేరు ఉండొచ్చు. నాబాలిగ్ అంటే మైనరు, వలీ అంటే సంరక్షకుడు. మేనమామ పేరు వలీగా ఉంటే మీ ఇంటి కథకు మొదటి రాత సాక్ష్యం అదే.

వసూల్ బాకీ (శిస్తు వసూళ్లు, బాకీల పుస్తకం) కూడా అడగండి. ఫైసల్ పట్టీ ఒక ఏడాది పోయినా, వసూల్ బాకీలో శిస్తు ఎవరి పేరున జమైందో వరసగా కనిపిస్తుంది. తమ్ముళ్ల పేర్లు పట్టాదారు గడిలో వెతికితే దొరకవు. అన్న పేరున పట్టా, తమ్ముళ్లు శిక్మీదార్లు (పట్టా కింద వాటాదార్లు), అది అప్పటి మామూలు. శిక్మీ గడి చూడండి. ముగ్గురి వాటాలూ చివరికి ఒక్క పిల్లగాడికే వచ్చి ఉంటే తమ్ముళ్లకు సంతానం లేదన్న సంగతి కూడా తేలుతుంది. పక్క నంబర్లు కూడా వదలొద్దు. శిస్తు కట్టే దిక్కు లేక ఆ ప్రాంతంలో ఖారిజ్ ఖాతాలో (పట్టా రద్దయి సర్కారుకు పోయిన లెక్కలో) పడ్డ నంబర్లు 1328, 1329, 1330 ఫస్లీల్లో (రెవెన్యూ సంవత్సరాల్లో) గుంపుగా కనిపిస్తే ఊరంతటికీ ఆ దెబ్బ తగిలిందని అనుకోవచ్చు. కరువుకు కూడా భూములు వదిలారు కాబట్టి ఇది ఒంటరిగా నిలబడదు.

ఫస్లీ మార్చడంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, అది నిజమే. కానీ ఇప్పుడు రెవెన్యూలో ఫస్లీ జులై 1న మొదలవుతుంది. నిజాం కాలంలో మన దగ్గర ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. చివరి నెల ఆబాన్. కాబట్టి 1918 సెప్టెంబర్ చావు 1327 ఆబాన్‌లో ఉంటుంది, అక్టోబర్ చివరి చావు 1328 ఆజూర్‌లో, నవంబర్ చివరిది 1328 దై నెలలో. ఒకే జ్వరం, రెండు ఫస్లీలు. "1328 ఒక్కటి చాలు" అని దరఖాస్తు పెడితే సగం పోతుంది. 1327 నుంచి 1335 దాకా అడగండి, ఎందుకంటే విరాసత్ చావు జరిగిన ఏడే కాదు, కొన్నేళ్లకు కూడా అయ్యేది.

చదవడం ఇంకో పని. జిల్లా స్థాయి కాగితాలు ఉర్దూలో, తొందర రాతలో ఉంటాయి. చుక్కలు పెట్టరు. చుక్కలు లేకపోతే పదం మొదట్లో బ, ప, త, న, య అన్నీ ఒకే పంటిలా ఉంటాయి. నర్సయ్యా పర్సయ్యా అన్నది అక్షరం చూసి చెప్పలేం, తండ్రి పేరు, సర్వే నంబరు చూసే చెప్పాలి. "వల్ద్" తర్వాత వచ్చేది తండ్రి పేరు. ఆడవాళ్ల పేరు తర్వాత "జౌజే" ఉంటే భర్త పేరు వస్తుంది, "బేవా" ఉంటే భర్త పోయాడు. ఒకే ఆడమనిషికి ఏ ఏడు దాకా జౌజే, ఏ ఏడు నుంచి బేవా రాశారో పట్టుకుంటే భర్త చావు ఏ రెండేళ్ల మధ్యో దొరికినట్టే. సంవత్సరం పక్కన ఫే అక్షరం ఉంటే ఫస్లీ, హే ఉంటే హిజ్రీ. హిజ్రీ 1337 కూడా 1918 అక్టోబర్ మొదటి వారంలోనే మొదలైంది, రెండూ కలగాపులగం చేయొద్దు. డబ్బు మొత్తాలు రఖం గుర్తుల్లో (అంకెలకు బదులు వాడే ప్రత్యేక గుర్తుల్లో) ఉంటే వాటిని పట్టించుకోకండి, మీకు కావాల్సింది పేర్ల గడి.

దరఖాస్తులో "మా పూర్వీకుల వివరాలు ఇప్పించండి" అని రాస్తే తిరిగొస్తుంది. పాత తాలూకా, పాత జిల్లా, గ్రామం, సర్వే నంబర్లు, రిజిస్టరు పేరు, ఫస్లీలు రాయాలి. "రికార్డు లభ్యం కాదు" అని జవాబొస్తే సమాచార హక్కు కింద, నకలు కాకుండా ఆ గ్రామానికి రికార్డు రూములో ఉన్న రిజిస్టర్ల జాబితా అడగండి, పరిశీలనకు అనుమతి అడగండి. పరిశీలన కూడా ఆ చట్టంలో హక్కే. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు. కాగితం వేరే ఆఫీసులో ఉంటే 5 రోజుల్లో అక్కడికి పంపాల్సింది వాళ్లే. ఆన్‌లైన్ భూ రికార్డులైన ధరణిలో, దాని స్థానంలో వచ్చిన భూభారతిలో వెతకడం దండగ, ఈ రిజిస్టర్లు అక్కడ ఉండవు.

ఈ రిజిస్టర్ల ఊరి నకలు పట్వారీ ఇంట్లో ఉండేది, అది చాలాచోట్ల తెలుగులోనే రాసేవారు. నల్గొండ జిల్లాలో సాయుధ పోరాటం రోజుల్లో దఫ్తరాలు (రికార్డులు) తగలబెట్టిన ఊళ్లు బాగా ఉన్నాయి. మిగిలినవి 1980ల్లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని అప్పజెప్పారు, కొన్ని అటక మీదే ఉన్నాయి. మర్యాదగా ఆ ఇంటికి వెళ్లి అడగండి. భూమి తగాదా కోసం కాదని మొదటి మాటలోనే చెప్పండి, లేకపోతే అటక తలుపు తెరుచుకోదు.

---

పాలమూరు మాట జవాబు:

కాగితం సంగతి అన్నలు చెప్పిండ్రు. కాగితం లేని తానికి జర నేను చెప్త.

పెత్రమాస నాడు మీ ఇంట్ల బియ్యం ఇస్తరు గద. అయ్యగారు పేర్లు అడిగితే ఎవరెవరి పేర్లు చెప్తరో రాసుకోండి. మీ ఇంట్లనే కాదు, మీ పాలోళ్ల (దాయాదుల) ఇండ్లల్ల గూడ. ఒక ఇంట్ల మూడు తరాల పేర్లే చెప్తరు, ఇంకో ఇంట్ల పిల్లలు లేక పోయినోళ్ల పేర్లు గూడ చెప్తరు. మీ ముత్తాత తమ్ముళ్ల పేర్లు దొరికితే గిక్కడనే దొరకాలె. ఇచ్చేది పెద్దావిడైతే ఇంకా మంచిది, ఆమెకు అత్త చెప్పిన వరుస నోటికి ఉంటది. ఇంట్ల ఎవరికన్న తద్దినం పెడితే తిథి అడుగుర్రి. అన్నకు ఆశ్వయుజ బహుళ తదియ, తమ్మునికి అదే బహుళ ఏకాదశి, గిట్ల దగ్గర దగ్గర ఉంటే ఒక్క రోగంల పోయినట్టే లెక్క. తిథి సంవత్సరం చెప్పదు, నెల మాత్రం ఖాయంగ చెప్తది. వైశాఖంల వస్తే ఇన్‌ఫ్లుయెంజా ఆశ వదులుకోండి.

రెండోది, మీ కులపు బిరుదు కళాకారులు. రెడ్లకు, గొల్లోళ్లకు పిచ్చకుంట్లోళ్లు, మాదిగోళ్లకు డక్కలోళ్లు, పద్మశాలోళ్లకు కూనపులోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, కోమట్లకు వీరముష్టోళ్లు. వాళ్లకు ఊర్ల వారీగ హక్కు ఉంటది, కొన్నేండ్లకొకసారి వచ్చి త్యాగం (వాళ్లకు ఇచ్చే కట్నం) తీసుకొని వంశం చెప్తరు. వాళ్లను తారీఖు అడగొద్దు, వాళ్ల కాడ ఉండదు. "ఫలానా ఇంటి పేరు, ఫలానా ఊరు, ఎన్ని కొమ్మలు, ఏ కొమ్మ ఆగింది" అని అడుగుర్రి. ఆగిన కొమ్మనే మీకు కావల్సింది. చెప్పేది ఫోన్ల రికార్డు చేసేముందు అడిగి, ఇచ్చేది ఇచ్చి చేయండి.

పేర్లు చూసి మోసపోవద్దు. పెంటయ్య, పెంటమ్మ అని ఉంటే ముందు పుట్టిన పిల్లలు దక్కక పెట్టిన పేరు, అది ఏ ఏడాదైనా కావచ్చు. 1918కి గుర్తు కాదు. 1919ల పుట్టినోళ్లు ఇంట్ల ఎవరూ లేకపోవుడు, 1919-20ల మారుమనువులు (ఆడోళ్ల రెండో పెండ్లిండ్లు) ఎక్కువ ఉండుడు, ఇవి అసలు గుర్తులు.

మీ తాత తల్లి సంగతి గూడ గందుకే చూడాలె. ఆమె పోయి ఉండొచ్చు, లేదంటే మారుమనువు పోయి ఉండొచ్చు. మారుమనువు పోయిన ఆడమనిషి పేరు ఆ ఇంటోళ్లు బియ్యంల చెప్పరు, కొత్త ఇంటోళ్లు చెప్తరు. కల్వకుర్తి వైపు ఆమె తల్లిగారింటి వాళ్లను అడుగుర్రి, ఈ ఇంట్ల కాదు.

ఇంకొకటి, పాలమూరోళ్లు పనికి ఊర్లు పట్టుకొని పోయేటోళ్లు, నల్గొండ సాలెలు బొంబాయికి, షోలాపూరుకు పోయిండ్రు. అక్కడ పోయిన మనిషి మీ ఊరి లెక్కల ఉండడు. బొంబాయి, షోలాపూరు అంటే బ్రిటిష్ ఇలాకా, అక్కడ మున్సిపాలిటీ చావు రిజిస్టర్లు ఉండేవి.

---

గద్వాల కోటగోడ జవాబు:

జిల్లా హద్దుల మీద ఒక మాట, ఈ చర్చ చదివే మిగతావాళ్లకు కూడా పనికొస్తుంది. అప్పట్లో నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ మెదక్ సుబాలో (కొన్ని జిల్లాలు కలిసిన విభాగంలో) ఉండేవి, తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో పాత జాబితాలు అడిగేటప్పుడు ఆ పేరుతో అడగాలి. గద్వాల, ఆలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లా. కొడంగల్ గుల్బర్గా జిల్లా. వాటి పాత కాగితాలు కొన్ని ఇప్పటికీ కర్ణాటక వైపే ఉన్నాయి. జనగామ తాలూకా అప్పుడు నల్గొండలోది. వనపర్తి, జటప్రోలు, గోపాలపేట, ఆత్మకూరు, గద్వాల సంస్థానాల్లో ఊరు ఉంటే దఫ్తరం సంస్థానానిది, 1949లో జాగీర్ల రద్దు తర్వాతే సర్కారుకు వచ్చింది. మీది ఖాల్సా కాబట్టి ఆ బాధ లేదు. కానీ మేనమామ ఊరు ఏదో చూసుకోండి.

2016లో జిల్లాలు చీలాక కూడా రికార్డులు పూర్తిగా కదలలేదు. దేవరకొండ నల్గొండలోనే ఉంది, కల్వకుర్తి నాగర్‌కర్నూల్‌కు పోయింది. కొత్త కలెక్టరేటులో లేదంటే పాతదాంట్లో అడగాలి.

ఇంట్లో క్రైస్తవులు ఉంటే నల్గొండ, నాగర్‌కర్నూల్ వైపు బాప్టిస్ట్, మెన్నొనైట్ మిషన్ల సంఘం పుస్తకాలు చూడొచ్చు. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, కాబట్టి పుట్టిన తేదీ కోసం వెతకొద్దు, సభ్యుల పట్టికలో పేరు కొట్టేసి ఎందుకు కొట్టేశారో రాసిన చోటు చూడాలి. ముస్లిం కుటుంబాలైతే ఖాజీ దగ్గర నికా సియాహాలు (పెళ్లి రిజిస్టర్లు). 1919-20లో భర్త పోయిన ఆడవాళ్ల రెండో నికాలు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు.

శ్రీశైలం, నాగార్జునసాగర్ ముంపు ఊళ్లవాళ్లకు ఇంకో దారి ఉంది. పరిహారం అవార్డు ఫైళ్లు. వారసులు తామే హక్కుదారులమని చూపించడానికి పెట్టిన వంశవృక్షాలు వాటిలో ఉంటాయి, కొన్ని మూడు నాలుగు తరాలు వెనక్కి పోతాయి. తగాదా పడ్డ ఫైలు అయితే ఇంకా మంచిది, రెండు వైపులా చెట్టు గీసి పెడతారు. ఒకరి చెట్టులో లేని పేరు ఇంకొకరి చెట్టులో ఉంటుంది.

---

డిండి ఒడ్డు:

అందరికీ ధన్యవాదాలు. ఫైసల్ పట్టీ నకలు ఒకటి వచ్చింది. తాత పేరు, నాబాలిగ్, వలీగా మేనమామ పేరు ఉన్నాయి. కారణం ఫౌతీ. ఉర్దూ చదివిన ఆయన సంవత్సరం 1330 ఫే అన్నారు. అంటే 1920-21 కదా, రెండేళ్ల తేడాతో 1918కి సరిపోయినట్టేనా? బేవా అని ఎక్కడా లేదు.

---

నక్షా టిప్పన్:

చివరి అంకె మళ్లీ చూడండి. ఉర్దూలో సున్నా చుక్క. ఐదు మాత్రం చేతిరాతలో మన సున్నాలా గుండ్రంగా కనిపిస్తుంది. మీ కాగితంలో గుండ్రంగా ఉంటే అది 1335, అంటే 1925-26. తాత 1913-14లో పుడితే అప్పటికి పన్నెండేళ్లు, ఇంకా నాబాలిగే, కాబట్టి ఆ మాటతో ఏదీ తేలదు. అదే పేజీలో పైవరస, కిందివరస సంవత్సరాలతో పోల్చండి, రిజిస్టరు అట్ట మీద ఫస్లీ ఉంటే దాని ఫోటో తీయించండి.

1330 అయినా 1335 అయినా అది విరాసత్ మంజూరైన ఏడు, చావు తేదీ కాదు. ఆ లోపే పోయాడన్నంత వరకే చెప్తుంది. ఇప్పుడు 1326 నుంచి వసూల్ బాకీ అడగండి. ముత్తాత పేరున శిస్తు పూర్తిగా జమైన ఆఖరి ఏడు 1327 అయి, 1328లో బాకీ పడితే మీరు అనుకున్న కాలానికి దగ్గరపడ్డట్టు. 1328 బాకీ కరువు వల్ల కూడా పడొచ్చు, అందుకే ఊళ్లో మిగతా ఖాతాలు ఆ ఏడు ఎలా కట్టాయో అదే పుస్తకంలో చూడండి. అందరూ బాకీ పడి, మీ ఖాతా ఒక్కటే తర్వాతి ఏళ్లలో కూడా తేరుకోకపోతే అది కరువు కాదు.

బేవా లేకపోవడం గురించి: వలీ మేనమామ కావడాన్ని బట్టి తల్లి ఆ ఇంట్లో లేదని మాత్రం అనుకోవచ్చు. పోయిందా, మారుమనువు పోయిందా అన్నది పైన పాలమూరు అన్న చెప్పినట్టు తల్లిగారింటి వైపే తేలాలి.